మూడో మలుపు కాడ ఇరవై మంది

దిగిన 41వ రోజు

హెడ్మాస్టరు విద్యాధర్ సారు రోజూ రాయాలన్నడు కాబట్టి రాస్తున్న. నా పేరు కొమురమ్మ. ఎండాకాలం ఊరంత దిగి తలదాచుకునే ఏడో బొగ్గుబాయిల ల్యాంపు రూం ఇన్‌చార్జిని. ఏండ్లు యాభై ఎనిమిది. నాకు దీపాలు తెల్సు, బ్యాటరీలు తెల్సు, ఎవరి లైటు ఎన్ని గంటలు వస్తదో చేతిల పట్టుకుంటే చెప్త. ఆటలు తెల్వవు. కని బడిల ఆటలు తయారుచేసే క్లబ్బును చూసుకునే సారుకు కామెర్లు అయినయట, కడమ పంతుళ్ళకు ఊపిరి తీసుకునే సందు లేదట. పిల్లలకు నువ్వంటే భయం, నువ్వే చూసుకో అని తెచ్చి నా నెత్తిన పెట్టిండు.

ఆట తొమ్మిదో తరగతి మౌక్తికది. టోపీ పెట్టుకుంటే కండ్ల ముందట మన బాయే కనపడ్తది. పొగ కమ్ముకుంటది. తొంభై సెకన్లల్ల తోవ పట్టుకుని పెద్ద గేటు దాటాలె, గంతే. నిజం పొగ పెట్టి నేర్పుడు కమిటీ బందు పెట్టింది, పోయినేడు పిల్లల దగ్గులు మొగులు పడే దాక తగ్గలే. అందుకే ఈ ఆట. అరవయ్యో రోజు ఒకటో తరగతి పిల్లలు ముప్పై రెండు మంది తల్లుల దగ్గర్నుంచి బాయిల ఇంకా కింది వరసకు దిగుతరు. చల్లగాలి మిషన్లు ఆడనే ఉన్నయి, పై వరసల ఎండాకాలం చిన్నపానాలు ఆగవు. అప్పటి దాక ఆట పాస్ కాకుంటే వాళ్ళు ఏమీ నేర్వకుండనే దిగుతరు. పొగ వస్తే చెయ్యి పట్టుకునేటందుకు ఆడ తల్లి ఉండదు.

బడిల కంప్యూటరు మిషను ఈ ఆటను నాలుగు లక్షల సార్లు ఆడి తప్పు లేదని తేల్చింది. అర సెకనుల తేల్చింది. కని కమిటీది ఒక రూలున్నది. తోటి పిల్లలు ఇరవై మంది ఆడి, ఎట్లున్నదో కాగితం మీద రాసియ్యాలె. వీళ్ళను టెస్టర్లు అంటరట. ఇయ్యాల ఇరవై మంది ఆడిన్రు, ఇరవై కాగితాలు ఇచ్చిన్రు. ఇరవైల "మంచిగున్నది" అనే ఉన్నది. మిషను లెక్క తీస్తే ఇరవై మంది పొగల చచ్చిన్రు. ఒక్కడు గేటు దాటలే. చచ్చినోడు మంచిగున్నదని ఎట్ల రాస్తడో నాకు సమజ్ కాలే.

దిగిన 42వ రోజు

ఒక్కొక్కన్ని పిలిచి అడిగిన. అందరిది ఒకటే మాట, మౌక్తికక్క ఆట మంచిగనే ఉన్నది. మరి ఎందుకు చచ్చినవురా అంటే, నేనే సక్కగ ఆడలే అంటరు. మౌక్తిక వీళ్ళలో సగం మందికి జడలేసింది, సగం మందికి ఎక్కాలు చెప్పింది. ఆమె ముంగట ఆమె ఆటకు వంకలు పెట్టుడు వీళ్ళతోని కాదు. వీళ్ళను అనేదేమున్నది, పెద్దోళ్ళం మనం గట్లనే ఉన్నం. ఒకటే వంట, ఒకటే గాలి, గోడకు ఇటు దగ్గితే అటు వినపడ్తది. ఎండలు ఒడిసే దాక ఒకరి మొఖం ఒకరు చూసుకుని బతకాలె కాబట్టి ఏడో బాయిల ఎవ్వరు ఎవ్వరిని మొఖం మీద ఏమనరు.

సరే, పేర్లు రాయకుండ రాయుండ్రి అన్న. ఏడో తరగతి సాదిక్ అనేటోడు, పేరు రాయొద్దన్నరు కాబట్టి రాస్తలేను అని రాసి కింద సంతకం పెట్టిండు. ఇంకో పిల్లను కనీసం ఒక్క లోపం రాయమన్న. ఆట జల్దిన అయిపోయింది అని రాసింది. జల్దిన చచ్చినవు కాబట్టి జల్దిన అయిపోయింది బిడ్డా అన్న. ఆ పిల్ల ఏడ్చింది. సాయంత్రం వాళ్ళమ్మ ల్యాంపు రూంకు వచ్చి, పిల్లను సచ్చినవు అంటవా అని లొల్లి పెట్టింది. నా నెత్తి ఖరాబైంది.

దిగిన 44వ రోజు

ఎనిమిదో బాయి పిల్లలను పిలిపించిన. వాళ్ళకు మనకు పడదు, ఖోఖో ఆడినప్పటి సంది పడదు. సొరంగం తోవల గంట నడిచి వచ్చిన్రు, మనోళ్ళు పెట్టిన అటుకులు తిన్నరు, ఆడిన్రు. పది కాగితాలల్ల పది తీర్ల తిట్లు. రంగులు బాగలేవట, పొగ పొగ లెక్క లేదట, వాళ్ళ బాయిల రెండో తరగతోడు ఇంతకంటె మంచిగ చేస్తడట. ఒకడు అటుకులల్ల ఉప్పు ఎక్కువైందని కూడ రాసిండు.

కని మిషను లెక్క చూస్తే వీళ్ళు కూడ చచ్చిన్రు. మనోళ్ళు చచ్చిన తావునే చచ్చిన్రు, మూడో మలుపు కాడ. పొగిడినోళ్ళు తిట్టినోళ్ళు ఒకటే కాడ పడ్డరంటే కాగితాలల్ల ఏమున్నా దండుగే. కాగితాలన్ని పొయ్యిల పెట్టిన.

దిగిన 46వ రోజు

మూడో మలుపు కాడ తోవ కనపడ్తలేదేమో చూడమని మౌక్తికకు చెప్పిన. చూపించే బాణం గుర్తు పెద్దగ చేసింది. చచ్చిన్రు. బాణానికి పచ్చరంగు ఏసింది, మినుకు మినుకు మనేటట్టు చేసింది. చచ్చిన్రు. గేటు తలుపే కనపడేటట్టు పొగ పల్చగ చేసింది. తలుపు కండ్ల ముంగట పెట్టుకుని చచ్చిన్రు.

మౌక్తిక ఏడ్వదు, పండ్లు కొరుక్కుంటది. నాలుగు నెలల సంది అన్నం తిన్నదో లేదో తెల్వకుండ కూసోని చేసింది ఈ ఆట. దాని చెల్లె పూర్ణ ఒకటో తరగతి, అరవయ్యో రోజు దిగే ముప్పై రెండు మందిల అది కూడ ఉన్నది. హెడ్మాస్టరు సారు వచ్చి, మిషను పాస్ చేసింది కద, పిల్లలు తెలివి తక్కువోళ్ళని రాసి పంపుదామా అన్నడు. నాకు ఒళ్ళు మండింది. తెలివి తక్కువ పిల్లల కోసమే కద సారూ ఈ ఆట అన్న. సారు అటే పోయిండు.

దిగిన 47వ రోజు

ఇయ్యాల సంది కాగితం లేదు, అడుగుడు లేదు. వాళ్ళు ఆడాలె, నేను పక్కన కూసుని చూడాలె. టోపీల కనపడేది నాకు కూడ అద్దం మీద కనపడేటట్టు మౌక్తిక పెట్టిచ్చింది.

సాదిక్ మొదలు ఆడిండు. మొదటి మలుపు ఉరుక్కుంట దాటిండు, రెండోది దాటిండు. మూడో మలుపు కాడ తలుపు ఎదురుంగనే ఉన్నది. వాడు నిలబడ్డడు. కుడిచెయ్యి లేపి గోడను తడిమిండు. కింద తడిమిండు, మీద తడిమిండు, రెండడుగులు ఎనక్కి పోయి మళ్ళ తడిమిండు. ఆడనే పొగల పడ్డడు. ఎందుకు నిలబడ్డవురా అంటే ఏమో అవ్వా అన్నడు. ఎనుకొచ్చిన పందొమ్మిది మంది గట్లనే. గోడకు ఏదో అంటుకున్నట్టు తడుముతనే ఉన్నరు. పేడ పిసికినట్టు ఆ పిసుకుడేందిరా, తలుపు కనపడ్తలేదా అని తిట్టి తిట్టి నా గొంతు పోయింది. మౌక్తిక నా దిక్కు చూసింది.

దిగిన 48వ రోజు

ఇగ నా వల్ల కాక, టోపీ ఇటియ్యుండ్రి, ముసల్దాన్ని నేను ఆడి చూపిస్త, సిగ్గుతోనన్న నేర్చుకుంటరు అన్న. ఇరవై మంది చుట్టు కూసున్నరు.

ఆడిన. మోకాళ్ళు నొస్తయని ఆటల మోకాళ్ళకు తెల్వది కద, ఉరికిన. రెండు మలుపులు దాటిన. మూడో మలుపు కాడ తలుపు కనపడ్డది. నేను నిలబడ్డ. నా కుడిచెయ్యి లేచింది, గోడ మీదికి పోయింది. ఆడ ఏం లేదు, ఉత్త గోడ. ఎనక్కి జరిగి మళ్ళ తడిమిన. పొగ నిండింది. చచ్చిన.

టోపీ తీసినంక సమజైంది. ఆ గోడ నా ల్యాంపు రూం గోడ. నిజం బాయిల ఆ గోడ మీద బిళ్ళల పలక ఉంటది. ప్రతి మనిషికి నంబరేసిన ఇత్తడి బిళ్ళ. పొద్దు పొడవక ముందు గంటసేపు అందరం గేటు బయటికి పోయి గాలి పీల్చుకుంటం కద, పోయేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు తీస్కపోవాలె, వచ్చేటప్పుడు మళ్ళ తగిలియ్యాలె. బిళ్ళ ఏలాడుతున్నదంటే మనిషి లోపల ఉన్నట్టు. బిళ్ళ తియ్యకుండ గేటు దాటిన పోరన్ని నేను ఎనక్కి పిలిచి, పలక ముంగట గంటసేపు నిలబెడ్త. పందొమ్మిదేండ్ల సంది నిలబెడ్తున్న. ఎనిమిదో బాయిల నేర్పింది కూడ నేనే, వాళ్ళ ల్యాంపు రూం మనిషి నా దగ్గర్నే పని నేర్చుకున్నది, వాళ్ళ పలక కూడ మూడో మలుపు కాడనే ఉన్నది.

మూడు వందల బిళ్ళలు గీయాలంటే నెల పడ్తదని మౌక్తిక ఆటల ఆ పలక పెట్టలే, ఉత్త గోడ పెట్టింది. పిల్లల మనసుకు యాది లేకున్నా చేతికి యాదున్నది. మిషనుకు బిళ్ళ లేదు, అందుకే నాలుగు లక్షల సార్లు బతికింది.

దిగిన 50వ రోజు

దీనికింత పరేషాన్ ఎందుకు, పలక గీస్తే అయిపాయె అన్నడు సారు. మౌక్తిక రెండు రోజులు కండ్లు మూయకుండ పలక, ఆడే పిల్లల బిళ్ళల మటుకు గీసింది. నిజంగ పొగొస్తే ఒక్కొక్కరే ఉరకరు కాబట్టి ఇరవై మందిని ఒకటేసారి ఒకే ఆటల కలిపింది.

ఇరవై మంది మూడో మలుపు కాడికి వచ్చిన్రు. పలక కనపడ్డది. నేను నేర్పినట్టే వరస కట్టిన్రు. నేను నేర్పినట్టే చిన్నోళ్ళను ముంగటికి పంపిన్రు. ఒకన్ని ఒకడు నూకలే, ఎవ్వడు ఎవ్వని బిళ్ళ ముట్టలే. పొగల నంబరు కనపడక మొఖం దగ్గరికి పెట్టుకుని చూసుకున్నరు. నలుగురు బయటపడ్డరు. పదహారు మంది వరసల నిలబడి, వంతు కోసం ఎదురుచూసుకుంట ఒక్కొక్కరే పడిపోయిన్రు.

టోపీలు తీసినంక వాళ్ళు నవ్వుకుంటున్నరు, ఆటే కద వాళ్ళకు. నేను టోపీలు ఎత్తి పెట్టిన. ఈసారి ఎవ్వన్ని తిట్టలే.

దిగిన 51వ రోజు

పొగొస్తే బిళ్ళ ఇడిచిపెట్టి ఉరకాలె అని రూలు మార్చాలన్నది మౌక్తిక. అయ్యేది కాదన్న. ఎందుకని అడిగింది. ఈ పిల్లలకు చెప్పలే ఎప్పుడు, ఇయ్యాల దానికి చెప్పిన, ఇక్కడ కూడ రాస్తున్న.

పందొమ్మిదేండ్ల కింద కరెంటు తీగలు కాలి పొగొచ్చింది. అందరు గేటు బయటికి ఉరికిన్రు. నా మొగడు ఓదేలు ఆ పొద్దు పలక కాడ డ్యూటీల ఉన్నడు. ఒక్క బిళ్ళ ఏలాడుతున్నది. మనిషి లోపల ఉండిపోయిండని ఓదేలు లోపలికి పోయిండు. దొరకలేదని బయటికొచ్చి, ఇన్ని నీళ్ళు తాగి మళ్ళ పోయిండు. మూడోసారి పోయినోడు రాలే. ఆ బిళ్ళ మనిషి అప్పటికే బయట బండ మీద కూసుని చాయ్ తాగుతున్నడు, తొందరల బిళ్ళ మరిచి వచ్చిండు. ఆయన చెడ్డోడు కాదు. నా కాళ్ళ మీద పడి ఏడ్చిండు. ఆ నెలనే నేను ల్యాంపు రూంల చేరిన. ఇంకో మనిషి లేని మనిషి కోసం పోవద్దని చేరిన.

మౌక్తిక అంతా విన్నది. పండ్లు కొరుక్కున్నది. కని రూలు మార్చాలె అవ్వా అనే అన్నది. మొండిది.

దిగిన 53వ రోజు

నేను ఒప్పుకోకున్నా సారు ఒప్పుకున్నడు. మౌక్తిక ఆటల పలక మీద పెద్ద అక్షరాలతోని "బిళ్ళ వదిలెయ్యి" అని రాసింది. పిల్లలు సదివిన్రు, బిళ్ళ తీసుకున్నరు. పలకకు మంట పెట్టింది. చేతులు కాల్చుకుని తీసుకున్నరు. సారు గొంతుతోని, బిళ్ళలు వదిలి బయటికి నడవండి అని చెప్పించింది. సారు గొంతు విని నమస్తే పెట్టి బిళ్ళ తీసుకున్నరు.

సాదిక్ గల్ల పట్టుకుని అడిగిన, రాసినా నీకు సమజ్ కాదా, సారు చెప్పినా సమజ్ కాదా అని. వాడు నా దిక్కు చూసి నిమ్మళంగ అన్నడు:

"నువ్వు చెప్పలే కద అవ్వా."

మౌక్తిక అప్పటి సంది నా ఎంట పడ్డది. నీ గొంతు కావాలె, నువ్వే అనాలె అని. నేను ల్యాంపు రూం తలుపు ఏసుకున్న. తలుపు అవుతల నిలబడి మాట్లాడింది.

"మా పూర్ణ అరవయ్యో రోజు దిగుతది. అది అమ్మ మాట వినదు, నా మాట వినదు. నీ మాట ఒక్కటే వింటది. అది ఆ వరసల నిలబడితే నేనేం చెయ్యాలె అవ్వా?"

అది పోయేదాక నేను తలుపు తియ్యలే.

దిగిన 55వ రోజు

పోయి మైకు ముంగట కూసున్న. అనాల్సింది ఒకటే ముక్క. బిళ్ళ ముట్టకు, బయటికి ఉరుకు. మొదటిసారి బిళ్ళ అనే కాడనే ఆగిపోయిన. రెండోసారి దగ్గొచ్చింది. మూడోసారి "బిళ్ళ తీస్కొని బయటికి ఉరుకు" అన్న, నాకే తెల్వకుండ అన్న. పందొమ్మిదేండ్ల మాట నాలికె మీద కూసున్నది, దిగుమంటే దిగుతదా. మౌక్తిక ఎన్నిసార్లు తప్పినా విసుక్కోలే, నేనే విసుక్కున్న. దాని మీద, మైకు మీద, పచ్చకామెర్లు తెచ్చుకున్న సారు మీద.

పదకొండోసారికి వచ్చింది. మెల్లగ చెప్దామనుకున్న కని తిట్టినట్టే వచ్చింది. అదే మంచిది, తిడితేనే నేననుకుంటరు అన్నది మౌక్తిక.

దిగిన 57వ రోజు

ఆడిచ్చిన. మూడో మలుపు కాడ ఇరవై చేతులు లేచినయి. నా గొంతు వచ్చింది. చేతులు ఆగినయి. మొదలు ఒక పిల్ల ఉరికింది, ఇగ అందరు ఉరికిన్రు. పందొమ్మిది మంది గేటు దాటిన్రు. నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెల్వది.

సాదిక్ ఒక్కడు నిలబడ్డడు. బిళ్ళ ముట్టలే, గేటు కూడ దాటలే. ఆడనే చచ్చిండు. నాకు మళ్ళ మండింది. నేనే చెప్పిన కదరా, ఇంకెవరు చెప్పాలె అని లేచిన. వాడు టోపీ తీసి అడిగిండు.

"నా బిళ్ళ ఆడనే ఉంటది కద అవ్వా. అది చూసి నన్ను దేవులాడుతానికి ఎవరన్న లోపలికి పోతే?"

ఓదేలు సంగతి వానికి తెల్వది. మౌక్తిక చెప్పలే, నేను అడిగి తెలుసుకున్న. వాని అంతట వాడే అడిగిండు. లేచినదాన్ని మళ్ళ కూసున్న. ఇరవై మంది టెస్టర్లల్ల నాకు పనికొచ్చే మాట ఒక్కడు అన్నడు.

దిగిన 58వ రోజు

రాత్రంతా వాని మాటనే ఆలోచించిన. పొద్దుగాల కమిటీ ముంగటికి పోయి చెప్పిన. పొగొచ్చినప్పుడు పలక చూసి లెక్క పెట్టొద్దు, మొఖాలు చూసి పెట్టాలె. గేటు అవుతల ఒక మనిషి నిలబడి, వచ్చినోళ్ళను వచ్చినట్టు పేరు పెట్టి పిలువాలె. ఆ మనిషి లెక్క ఒడిసి, ఫలానోడు రాలేదని చెప్పే దాక ఎవ్వరు లోపలికి పోవద్దు. బిళ్ళ ఏలాడినా పోవద్దు.

మూడు వందల మంది మొఖాలు పొగల, ఏడుపుల ఎవరు గుర్తు పడ్తరని కమిటీల ఒకాయన అడిగిండు. వీళ్ళందరికి పందొమ్మిదేండ్ల సంది రోజు లైటు ఇచ్చింది నేను, ఎనుకనుంచి నడక చూసి కూడ చెప్త అన్న. మరి నీ గది మూడో మలుపు కాడ లోపలున్నది, పొగొస్తే నువ్వు ఎప్పుడు బయటపడాలె అన్నడు. అదొక్కటి నేను అనుకోలే. లోపలుంటే కుదరదు. ల్యాంపు రూం తాళాలు బల్ల మీద పెట్టిన. రేపటి సంది గేటు కాడి రేకుల గదిల ఉంట. ఆడ ఎండ నిప్పులు చెరుగుతది, దుప్పటి తడిపి కట్టుకుంట.

దిగిన 59వ రోజు

మౌక్తిక ఆటల గేటు అవుతల నన్ను నిలబెట్టింది. నడుం మీద చేతులు పెట్టుకుని, మొఖం చిటపటలాడుకుంట ఉన్న. గింత కోపంగ ఎందుకు గీసినవంటే, గుర్తు పట్టాలె కద అన్నది. పొద్దున ఇరవై మందిని ఆడిచ్చినం, ఇరవై మంది బయటపడ్డరు. సాదిక్ అందరికంటె ఎనుక వచ్చిండు కని వచ్చిండు. తర్వాత ముప్పై రెండు మంది చిన్నోళ్ళను ఆడిచ్చినం. పూర్ణ మూడో మలుపు కాడ చెయ్యి లేపింది, నా తిట్టు విన్నది, చెయ్యి దించి ఉరికింది. మౌక్తిక అప్పుడు ఏడ్చింది, ఇన్ని రోజులల్ల ఒక్కసారి. కమిటీ ఆటను పాస్ చేసింది.

ఒక్కటి మిగిలింది. గేటు దాటిన పిల్లలు ఆట అయిపోయిందని తెల్వక ఆడనే తిరుగుతున్నరు, కొందరు మళ్ళ లోపలి దిక్కు చూస్తున్నరు. ఆఖరికి నా గొంతుతోని ఇంకో మాట కావాలన్నది మౌక్తిక. ఏమనాలని అడిగిన. లెక్క ఒడిసినంక నిజంగ ఏమంటవో అదే అనవ్వా అన్నది.

మైకు ముంగట కూసున్న. పందొమ్మిదేండ్ల కింద గేటు బయట రెండు వందల మంది నిలబడి ఉండిన్రు. ఓదేలు మూడోసారి లోపలికి పోతుంటే అందరు చూసిన్రు, నేను కూడ చూసిన. గీ మాట అనేటోళ్ళు ఒక్కరు లేకపోయిన్రు.

"అందరు వచ్చిన్రు. లోపల ఎవ్వరు లేరు. ఎవ్వరు లోపలికి పోవద్దు."

ఒక్కసారికే వచ్చింది. మౌక్తిక చెవులకు పెట్టుకున్నవి తీసి, శాన గట్టిగ అరిచినవు అవ్వా, చిన్నోళ్ళు జడుసుకుంటరు, జర తగ్గించి మళ్ళొకసారి అను అన్నది. తగ్గియ్యనని చెప్పిన. అట్లనే ఉంచింది.